బొడ్డుత్రాటి నెత్తురు

బిడ్డ బొడ్డు ఊడిన దినమున ఆ యెండిన తునకను పాఱవేయక, రాగితాయెత్తులో నుంచి మొలత్రాటికి కట్టు ఆచారము మన తెలుగు ఇండ్లలో చిరకాలమునుండి కలదు. దృష్టిదోషము తగులదని కొందఱు, బాలారిష్టములు తొలగునని కొందఱు చెప్పుదురు. మా చిన్ననాట మా నాయనమ్మ మా మొలనున్న తాయెత్తును తడవి చూచి, "నీ ప్రాణము నీ దగ్గఱనే యున్నది లేరా" అని నవ్వుచుండెడిది. నాలుగక్షరములు వచ్చిన పిదప ఆ తాయెత్తును తీసి గూటిలో పడవేసితిమి. ఆమె కొన్నాళ్లు మాతో మాటాడలేదు.

సంస్కారమునందు అభిమానముగల చదువరులు ఇట్టి తాయెత్తులను చూచి నవ్వుదురు. ఆ నవ్వు తప్పని మేము చెప్పము. కాని తాయెత్తు మన యిండ్లనుండి నిజముగా వెడలిపోయినదా, లేక వేషము మార్చుకొని, ఆంగ్లము నేర్చుకొని, వీధిగుమ్మముననే మఱల లోనికి వచ్చినదా యను సంశయము మాకు ఈ నడుమ కలిగినది.

మా మేనకోడలు ఏడవనెల కడుపుతో పుట్టినింటికి వచ్చియుండెను. ఒకనాటి సాయంకాలము ఆమెయు, ఆమె భర్తయు మా యింటికి వచ్చి, నున్నని కాగితముపై రంగులతో అచ్చువేసిన యొక చిన్న పుస్తకమును మా చేతికిచ్చిరి. "మామయ్యా, సంతకం పెట్టేముందు మీరొకసారి చదివి చెప్పండి" అని మా మేనకోడలు అనెను. ప్రసవసమయమున బొడ్డుత్రాటిలోను, మాయలోను మిగిలియుండు నెత్తురును తీసి, అతిశీతలమున గడ్డకట్టించి, బిడ్డ పేర దశాబ్దములకొలది దాచి యుంచెదమనియు, ముందుముందు బిడ్డకు రక్తపుక్యాన్సరు మొదలగు మహావ్యాధులు వచ్చినయెడల ఆ నెత్తురే రక్షించుననియు, ఈ యవకాశము జన్మమునకు ఒక్కసారియే వచ్చుననియు దానియందు వ్రాసియున్నది. వెల మా యల్లుని మూడు మాసముల జీతము, వాయిదాలమీద నీయవచ్చును. "డబ్బుదేముంది మామయ్యగారూ! రేపు బిడ్డకు ఏదైనా వస్తే, ఆనాడు దాచలేకపోయామే అని ఏడవడం కంటె ఇది నయం కదా" అని ఆ చిన్నవాడు అనెను.

ఆ మాట వినినంతనే మాకు ఒక స్నేహితుని భార్య జ్ఞప్తికి వచ్చినది. ఆ స్నేహితుడు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయుడు. నలువదియాఱవ యేట ఆయనకు తీక్ష్ణజాతి రక్తపుక్యాన్సరు వచ్చినది. మొదటి చికిత్సకు లొంగినట్లే లొంగి, ఆఱు నెలలకు తిరుగబెట్టినది. ఉన్న ఒక్క తమ్ముని గుర్తులు సరిపడలేదు. దాతల పట్టికలు వెదకించిరి, తగినవాడు దొరకలేదు. తుదకు అప్పుడే పదునెనిమిదేండ్లు నిండిన కూతురు, తండ్రితో సగము మాత్రమే సరిపడునదియైనను, తన మూలకణములను ఇచ్చినది. ఆయన ఎనిమిది నెలలు బ్రతికెను. పిదప వ్యాధి మఱల వచ్చి తీసికొనిపోయెను. పదునొకండవనాడు ఆమె మమ్ము ప్రక్కకు పిలిచి, "అన్నయ్యగారూ, అమ్మాయి పుట్టినప్పుడు ఎవరో వచ్చి ఆ నెత్తురు దాచుకోమన్నారు. అంత డబ్బెక్కడిదని ఈయన వద్దన్నారు. దాచి ఉంటే బతికేవారంటారా?" అని అడిగెను. ఆనాడు మేము ఊరటకు ఏవో రెండు మాటలు చెప్పి తప్పించుకొని వచ్చితిమి. నిజమైన సమాధానము మాకు తెలియదు. తెలిసికొనుటకు పిమ్మట చాల చదువవలసి వచ్చినది; ఎఱిగిన వైద్యులను విసిగింపవలసి వచ్చినది.

ఆ తెలిసికొన్నది మొదట చెప్పి, పిదప ధర్మవిచారమునకు వత్తుము.

మన యెముకలలోని మూలుగయందు నెత్తుటి మూలకణములు కలవు. ఎఱ్ఱకణములు, తెల్లకణములు, నెత్తురును గడ్డకట్టించు కణములు, అన్నియు వానినుండియే దినదినము పుట్టుచుండును. ఈ పుట్టువునందు కలుగు చెడుగే రక్తపుక్యాన్సరు. ముదిరిన వ్యాధిని తీవ్రమైన మందులతోను, కిరణములతోను తుడిచివేయబోయినచో, దానితోపాటు మూలుగయు నశించును. అప్పుడు మఱియొకరి మూలకణములను నరములోనికి ఎక్కించినయెడల అవి తమంతట తామే త్రోవ తెలిసికొని యెముకలలో చేరి క్రొత్త నెత్తురును పుట్టించును. అంతమాత్రమే కాదు. అట్లు పుట్టిన పరాయి తెల్లకణములు, రోగి దేహమున ఏ మూలనో దాగియున్న క్యాన్సరు కణములను తమవి కావని గుర్తించి వెదకి చంపును. మందు చేయలేక విడిచిన పనిని పరాయితనము చేయును. ఈ యొక్క సంగతిని చదువరులు మనసున నుంచుకొందురుగాక. మా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

అయితే ఆ పరాయితనము మితిమీరినచో దాత కణములు రోగి చర్మముపైనను, ప్రేగులపైనను, కాలేయముపైనను తిరుగబడును. అందుచేత ఇరువురి కణములపైనుండు కొన్ని గుర్తులు సరిపడవలయును. ఆ గుర్తులను వైద్యులు హెచ్.ఎల్.ఏ. అందురు. అవి బిడ్డకు తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును గనుక, తోడబుట్టినవాడు పూర్తిగా సరిపడు అవకాశము నాలుగింట ఒకటి. పరాయివారిలో వెదకిన మఱియు అరుదు. బొడ్డుత్రాటి నెత్తురు విశేషమంతయు ఇక్కడనే యున్నది. అందలి తెల్లకణములు ఇంకను లోకము చూడనివి, పగలెఱుగనివి. ఆఱు గుర్తులలో నాలుగే కలిసినను అవి కొత్త దేహముతో రాజీపడగలవు. పెద్దల మూలుగకు అంత యోర్పు లేదు.

1988 అక్టోబరులో పారిస్ నగరమునందలి సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ అను వైద్యురాలు, ఫాన్కోనీ రక్తహీనతయను పుట్టువ్యాధితో అమెరికానుండి వచ్చిన అయిదేండ్ల బాలునకు, అప్పుడే పుట్టిన అతని చెల్లెలి బొడ్డునెత్తురును ఎక్కించెను. దానిని ఇండియానాపోలిస్‌లో హాల్ బ్రాక్స్‌మయరు అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో గడ్డకట్టించి సముద్రము దాటించిరి. బాలుడు బ్రతికి పెద్దవాడయ్యెను. అంతవఱకు ప్రసూతిగృహములలో మాయతోపాటు కుండలో పడుచుండిన వస్తువునకు ఆనాడు విలువ ఏర్పడినది. 1992లో న్యూయార్కు రక్తకేంద్రమున పాబ్లో రూబిన్‌స్టయిను ఎవరి పేరను గాక ఎవరికైనను ఉపయోగపడుటకై తల్లులు ఉచితముగా నిచ్చు నెత్తురును నిలువచేయు సాధారణభాండారమును మొదలుపెట్టెను. మఱుసటియేడు డ్యూక్ విశ్వవిద్యాలయమున జోఆన్ కర్ట్‌జ్‌బర్గు అందలి యొక సంచితో, బంధుత్వము లేని బిడ్డకు చికిత్స చేసెను.

పెద్దవారి విషయము ఇంత సులభము కాలేదు. ఒక కాన్పున దొరకు నెత్తురు అరగ్లాసునకు మించదు. రోగి బరువులో ప్రతి కిలోకు కనీసము రెండున్నర కోట్ల కణములు కావలయునని వైద్యుల లెక్క. పసివానికి సరిపోవు సంచి డెబ్బది కిలోల మనుష్యునకు చాలదు. చాలనిచో ఏమగును? క్రొత్త మూలుగ కుదురుకొనుటకు మూడు వారములు, నాలుగు వారములు పట్టును. ఆ దినములన్నియు దేహమున తెల్లకణములు శూన్యము. గాలిలోని బూజు ప్రాణము తీయగలదు. అద్దపు తలుపు వెనుక కూర్చున్న భార్య ప్రతియుదయము నర్సును అడుగునది ఒక్కటే: నేటి లెక్క ఎంత? నిన్న సున్న, నేడు సున్న, రేపును సున్నయే కావచ్చును.

2004 నవంబరులో వెలువడిన రెండు పరిశోధనలు, ఒకటి ఐరోపానుండి, ఒకటి అమెరికానుండి, ల్యుకేమియా రోగులైన పెద్దలకు సరిపడు మూలుగ దొరకనప్పుడు బొడ్డునెత్తురు ఆశ్రయింపదగినదే యని తేల్చినవి. మినియాపొలిస్‌లో జాన్ వాగ్నరు, జూలియట్ బార్కరు మొదలగువారు మఱియొక ఉపాయము పన్నిరి: ఒక సంచి చాలనిచో రెండు సంచులు, ఇద్దఱు వేఱువేఱు శిశువులవి. ఇరువదిముగ్గురు పెద్దలకు అట్లు చేసి 2005లో ఫలితములను ప్రకటించిరి. అందొక వింత కనబడినది. నూఱు దినములు గడచునప్పటికి ప్రతి రోగియందును ఇద్దఱు శిశువులలో ఒకరి నెత్తురే పైచేయి యయ్యెను. కడపట నిలిచినది యొకటే. నిలువనిదాని ఋణమెంతయో కొలచు సాధనము మాకు తెలియదు.

ఇట్లు బ్రతికినవాని నెత్తురు ఎవరిది? దాతయొక్క వర్గమే ఇక వాని నెత్తుటి వర్గము. దాత యాడుశిశువైనచో, ఏబదియేండ్ల మీసముల మనుష్యుని నరములలో ప్రవహించు ప్రతి తెల్లకణమునందును స్త్రీలక్షణమైన క్రోమోజోములే యుండును. ఆయన గోత్రమును ఇక నెట్లు చెప్పవలయునో పురోహితులు నిర్ణయింతురుగాక.

ఇంతవఱకు వ్రాసి, ఇది సంజీవని యని చదువరులు భ్రమపడుదురేమో యని భయపడుచున్నాము. కాదు. సియాటిల్ నగరమున 582 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి 2016లో ప్రకటించినవారు, మార్పిడికి ముందు వ్యాధిజాడ మిగిలియున్నవారిలో, బొడ్డునెత్తురు పొందినవారికి వ్యాధి తిరుగబెట్టుట తక్కువగానున్నదని కనిపెట్టిరి. ముదిరిన రోగులకు ఇది మంచి మాటయే. 2023 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము, ప్రయోగశాలలో పెంచి బలపఱచిన బొడ్డుకణముల నొకదానిని అంగీకరించినది. 125 మందిపై జరిపిన పరీక్షలో, ఇరువదిరెండు దినములకు రావలసిన తెల్లకణములు పండ్రెండు దినములకే వచ్చినవి. కాని దాని వెల వినినచో మన మధ్యతరగతి గృహస్థునకు వేఱొక వ్యాధి వచ్చును. మఱియు, 2021లో ప్రకటింపబడిన యొక పరీక్షలో 368 మంది పెద్దలను రెండు భాగములుచేసి, కొందఱకు రెండేసి శిశువుల నెత్తురును, కొందఱకు సగము సరిపడు బంధువు మూలుగను ఇచ్చి చూచిరి. రెండేండ్లకు, బంధువు మూలుగ పొందినవారిలో నూటికి 57 మంది, బొడ్డునెత్తురు పొందినవారిలో 46 మంది జీవించియుండిరి. అందుచేత నేడు పెక్కుచోట్ల, మన దేశమున మఱి యెక్కువగా, వైద్యులు మొదట కొడుకునో కూతునో అన్నదమ్ములనో చూచుచున్నారు. బంధువులెవరును తగనివారికి, గుర్తులు అరుదైనవారికి మాత్రము ఆ చిన్న సంచి నేటికిని కడపటి వాకిలి.

ఇక మా యల్లుని పుస్తకమునకు వత్తుము. పై వృత్తాంతమంతయు చదివినవారికి ఒక సంగతి స్పష్టమై యుండును. ప్యారిస్ బాలునకు నయమైనది తన నెత్తురుతో కాదు, చెల్లెలి నెత్తురుతో. మినియాపొలిస్ రోగులు బ్రతికినది తమ తల్లులు దాచిన సంచులతో కాదు. ముఖమైనను ఎఱుగని తల్లులు సంతకముచేసి యిచ్చివేసిన సంచులతో. ఆ పుస్తకమో, ఈ విజయములన్నిటిని తన పుటలపై పఱచి, అందుచేత నీ బిడ్డ నెత్తురును నీ బిడ్డకే దాచుకొమ్మని చెప్పుచున్నది. ఈ "అందుచేత" ఎక్కడనుండి వచ్చినది? దానము చేసిన ఘనతను చూపి లోభమును అమ్ముట యిది.

తన బొడ్డునెత్తురు తనకేల పనికిరాదు? బాల్యమున వచ్చు ల్యుకేమియా పెక్కుమారులు గర్భముననే బీజముపడునని లండను నగరమున మెల్ గ్రీవ్సు మొదలగు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పుట్టిన నాలుగు దినములలో మడమనుండి తీసి యట్టలపై నద్ది దాచిన నెత్తుటిబొట్లలో, కొన్నేండ్ల తరువాత వ్యాధిపడిన ఆ పిల్లల కణదోషమే కనబడినది. దాచిన సంచిలోను అదే బీజము ఉండవచ్చును. దానినే మఱల ఎక్కించుట, పొయ్యి ఆర్పుటకు నీళ్లకు మాఱు నిప్పుకణికను కుండలో దాచుకొనుటవంటిది. పెద్దనాటి వ్యాధియందు బీజము లేదనుకొందము. అప్పుడును తన నెత్తురునకు ఆ పరాయితనము లేదు. అది క్యాన్సరు కణమును చూచి, "ఇది మనదే" యని ప్రక్కకు తొలగును. తనది యగుటయే దాని లోపము.

మన దేశపు వైద్యపరిశోధనమండలి 2017లో ప్రకటించిన నిబంధనములలో, భవిష్యత్తున తన యుపయోగమునకై బొడ్డునెత్తురును దాచుటకు శాస్త్రీయమైన ఆధారము లేదని స్పష్టముగా చెప్పినది. అమెరికా శిశువైద్యుల సంఘము 2007లోనే, బిడ్డకు తన నెత్తురు అక్కఱకు వచ్చు సంభవము వేయింట ఒకటి మొదలు రెండులక్షలలో ఒకటివఱకు అంచనాలు కలవని చెప్పి, అందఱకై నిలువచేయు భాండారములకే ఇచ్చుట మేలనినది. ఒక్క సందర్భమున మాత్రము దాచుట న్యాయము, అవసరము: ఇంటిలో ముందే పుట్టిన బిడ్డకు థాలసీమియావంటి వ్యాధి యుండి, రాబోవు బిడ్డ నెత్తురు వానికి సరిపడవచ్చునని వైద్యుడు చెప్పినప్పుడు. అది భయము కాదు. ఎదుట పడకపై పండుకొనియున్న అక్కఱ.

"మా డబ్బు మాది, మా బిడ్డ నెత్తురు మాది, వ్యర్థమైనను మాకే నష్టము, ఇతరులకు పోయినదేమి?" అని కొందఱు మిత్రులు మాతో వాదించిరి. ఈ ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు. ఇతరులకు పోయినది కలదు. శీతలభాండమున ఒక బిడ్డ పేర మూతపడిన సంచి ఆ బిడ్డకు అక్కఱలేదు, అక్కఱయున్నవానికి అందదు. హెచ్.ఎల్.ఏ. గుర్తులు వంశపరంపరను బట్టి వచ్చును గనుక, మనవారికి సరిపడునవి ముఖ్యముగా మన దేశపు కాన్పులలోనే దొరకును. న్యూయార్కులో ఎన్ని సంచులున్నను మనవారి కొఱత తీఱదు. మన దేశమునందు తల్లులు వెలయిచ్చి తమకై దాచుకొన్న సంచులు అపారము, అందఱకై యిచ్చినవి అత్యల్పము. బావి ప్రతియింట తవ్వి, ప్రతి బావికిని తాళమువేసి, ఊరంతయు దాహముతో నుండుట యిది. ఈ మధ్య కొందఱు వ్యాపారులే, చందాదారులందఱి సంచులను ఒకరికొకరు వాడుకొనునట్లు ఏర్పాటు చేయుచున్నారు. తాళముతో పనిలేదని వారును ఒప్పుకొన్నట్లేకదా! కాని ఆ ఏర్పాటునందును వెలయియ్యలేని కూలివాని భార్యకు చోటులేదు. ఆమె నెత్తురు నీయవచ్చునా యని అడుగువారును లేరు.

మఱియొక మిత్రుడు, ఆయన వేదాంతము బాగుగా చదివినవాడు, వేఱొక ఆక్షేపణ చేసెను. పాఱవేయుదానిని ఇచ్చుట దానమెట్లగును? త్యాగములేని దానమున పుణ్యమేమున్నది? తల్లి నొప్పి యెఱుగదు, బిడ్డ నొప్పి యెఱుగదు, తీసినది మాయనుండి, రేపటికి చెడిపోవు వస్తువు. ఈ మాట మమ్ము చాలకాలము ఆలోచింపజేసినది. మన వారికి దానమన్న సత్రముగోడపై పేరు చెక్కిన ఱాయి జ్ఞప్తికి వచ్చును. లేదా శిబి తొడకండము జ్ఞప్తికి వచ్చును. ఒకటి కీర్తి, ఒకటి బాధ. ఈ రెండును లేని దానము మనకు దానముగా తోఁచదు. కాని పుచ్చుకొనువాని వైపునుండి చూడుడు. దాత ఎంత నొప్పిపడెనో అని వాడు అడుగడు. తన మంచముకడకు అది వచ్చినదా లేదా యనునదే వానికి ప్రశ్న. త్యాగము చాలదని ఈయకుండుటకంటె, శ్రమలేకుండ నిచ్చుట మేలుకాదా? అదియు గాక ఇందు త్యాగము బొత్తిగా లేదనుటయు సరికాదు. తల్లి విడువవలసినది నెత్తురును కాదు, "రేపు నా బిడ్డకు అక్కఱవచ్చునేమో" అను శంకను. ఆ శంకను విడుచుట ఎంత కష్టమో, మూడు మాసముల జీతమును ఇచ్చుటకు సిద్ధపడిన మా యల్లుని ముఖము చూచినవారికి తెలియును.

ఉచితముగా నిచ్చినది తుదకు ఉచితముగా చేరునా యనిన, చేరదు. అమెరికాలో ఒక్క సంచిని ఆసుపత్రికి పంపుటకు భాండారములు వేలకొలది డాలర్లు పుచ్చుకొనును. పరీక్షలకు, సున్నకు నూటతొంబదియాఱు డిగ్రీల దిగువ నత్రజనిలో ఏండ్లతరబడి నిలుపుటకు, వాడబడని సంచుల పోషణమునకు ఆ సొమ్ము కావలయునందురు. కావచ్చును. అయినను తల్లి చేతిలో దానముగా బయలుదేఱినది రోగి చేతికి అప్పుగా చేరుట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది. ఈ భాండారములను ప్రభుత్వములు పోషింపవలయునని మా యభిప్రాయము.

ఇక అన్నిటికంటె ముందుగా చెప్పవలసినదియు, ఎవరును చెప్పనిదియు నొకటి కలదు. ఆ నెత్తురు "మిగిలినది" అని మనము అనుచున్నాము. నిజముగా మిగిలినదేనా? బిడ్డ నేలబడిన క్షణమున బొడ్డుత్రాడు ఇంకను కొట్టుకొనుచుండును. మాయలోని నెత్తురు బిడ్డలోనికి ప్రవహించుచునే యుండును. ఒక నిమిషమైనను ఆగక త్రాడు కోయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2014లో చెప్పినది. అట్లు ఆగినచో బిడ్డకు కొన్ని మాసములకు చాలు ఇనుము సమకూరును. రక్తహీనత ఇంటింట కాపురమున్న మన దేశమునందు ఇది చిన్న సంగతి కాదు. కాని ఎంత ఆగిన, సంచిలో పడు నెత్తురు అంత తగ్గును. తగ్గిన సంచి పెద్దవారికి చాలదు. ఒకవైపు ఈ లోకమునకు అప్పుడే వచ్చిన పసికందు, ఒకవైపు ఎక్కడనో అద్దపు గదిలో లెక్క సున్నగానున్న గృహస్థు. ఎవరి పక్షము వహింపవలయును?

మేము సంకోచింపక బిడ్డ పక్షమే వహింతుము. ఆ గృహస్థు మా స్నేహితుడేయైనను అట్లే చెప్పుదుము. నోరులేనివాని యాస్తిని నోరున్నవారు పంచుకొనుట మన కుటుంబములలో ఎన్ని యనర్థములకు మూలమో చదువరులు ఎఱుగుదురు. బిడ్డ త్రాగి విడిచిన పిదప మిగిలినది మాత్రమే లోకమునది. ఆ లోకమునదానిని తాళమువేసి దాచుటయు, బిడ్డదానిని లోకముపేర ముందే తీసికొనుటయు, రెండును మాకు ఒక్క దోషముగానే కనబడుచున్నవి.

మా మేనకోడలికి ఇదియంతయు రెండు మూడు సాయంకాలములలో చెప్పితిమి. ఆమె సంతకము పెట్టలేదు. "అయితే ఎవరికైనా ఇచ్చేద్దాం మామయ్యా" అనెను. విచారించితిమి. ఆ పట్టణమున అందఱకై నెత్తురు పుచ్చుకొనువారెవరును లేరు. ఇచ్చెదమన్నను చేయిచాచువాడు లేడు. దాచుకొనుటకు మాత్రము ముగ్గురు వ్యాపారుల మనుష్యులు ప్రసూతిగది వరండాలో తిరుగుచుండిరి. ఇక చేయునది లేక, త్రాడు కొట్టుకొనుట నిలుచువఱకు ఆగుడని డాక్టరమ్మగారిని కోరితిమి. ఆమె నవ్వి, "నేను ఎప్పుడూ ఆగుతానండీ, అడిగినవారు మీరే మొదలు" అనెను. మనుమరాలు పుట్టినది. మిగిలిన నెత్తురు మాయతో కూడ పసుపుపచ్చని సంచిలో పడి, ఆసుపత్రి చెత్తబండిలో వెడలిపోయెను. మా యల్లుడు మాత్రము, చెన్నపట్టణమున 2009నుండి నడచుచున్న దాత్రి యను మూలకణదాతల పట్టికయందు తన పేరు వ్రాయించుకొనెను. దానికి బుగ్గలోపల దూదిపుల్లతో రాచి పంపిన చాలును, వెల లేదు.

పురిటిస్నానమైన వారమునకు మేము మా స్నేహితుని భార్య యింటికి పోయితిమి. ఏడాదికి పైగా బాకీయున్న సమాధానము చెప్పితిమి. అమ్మాయి బొడ్డునెత్తురునందున్న గుర్తులును, అమ్మాయి మూలుగయందున్న గుర్తులును ఒక్కటే. రెండును తండ్రితో సగమే సరిపడును. సంచిలో ఉండునది గుక్కెడు. ఆయన బరువునకు చాలనిది. అమ్మాయి పదునెనిమిదేండ్లు పెరిగి, ఆ గుక్కెడునకు ఎన్నో రెట్లు ఇచ్చినది. ఆనాడు దాచియుండినచో వైద్యులు ఆ సంచిని ముట్టక, అమ్మాయినే పిలిచియుందురు. ఆమె కదలక వినెను. కొంతసేపటికి, "అయితే ఆయన వద్దన్నది తప్పు కాదు" అనెను. కాదంటిమి. "అమ్మాయి ఇచ్చింది పనికిరాలేదని కూడా కాదు." కాదంటిమి, ఎనిమిది నెలలు ఇచ్చినదంటిమి.

ఆమె లేచి, లోపలిగది తలుపుకడకు పోయి, "ఇటు రా అమ్మా. మామయ్యగారు ఒక మాట చెబుతున్నారు, నువ్వూ విను" అని కూతురిని పిలిచి, మమ్ము మొదటినుండి మఱల చెప్పుమనెను.